చూపు వచ్చేదాకా బడి ఆగకూడదు

మీరు హైదరాబాద్‌లో హఫీజ్‌పేట్‌లోనో, కొండాపూర్‌లోనో, మదీనాగూడలోనో ఉంటున్నట్టయితే, చూపు సరిగా లేని పేదింటి బిడ్డ కోసం ఎక్కడికో వెళ్ళి వెతకక్కర్లేదు. మీ సెల్లార్‌లో కార్ల వెనక వాచ్‌మన్ గది ఉంటుంది. పక్క ప్లాటులో పిల్లర్లు లేస్తున్నచోట రేకుల షెడ్లు ఉంటాయి. రైల్వే స్టేషన్‌కి అటూ ఇటూ బస్తీలున్నాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు అక్కడ కాపురముంటాయి. తండ్రి సెంట్రింగ్ పనికో కాపలాకో పోతాడు, తల్లి నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమడానికి పోతుంది. చూపున్న పిల్లలు బయట ఆడుకుంటూ మీ కంట పడతారు. చూపులేని పిల్ల లోపల చాప మీద కూర్చుని ఉంటుంది. పడిపోతుందని, కార్లు తిరుగుతుంటాయని, ఎవరైనా ఏమైనా అంటారని తల్లే బయటికి రానివ్వదు. అదే బిల్డింగులో ఏళ్ళ తరబడి ఉంటున్నా, ఆ పిల్ల ఉందన్న సంగతే మీకు తెలియకపోవచ్చు.

ఆ పిల్లను చదివించడానికి మీరేం చేయగలరన్నదే ఈ అధ్యాయం. డబ్బు మాట చివర్లో కూడా రాదు, ఎందుకంటే ఇక్కడ డబ్బు పాత్ర మనం అనుకునేంత పెద్దది కాదు. పుట్టినరోజున అంధుల బడికి కేకు పట్టుకెళ్ళేవాళ్ళకు ఈ నగరంలో కొదవ లేదు. ప్రతి శనివారం మానకుండా వచ్చి ఒక పిల్లాడికి లెక్కలు చెప్పేవాళ్ళకే కొదవ. వారానికి రెండు గంటలు, కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు ఇవ్వగలననుకుంటేనే ముందుకు చదవండి. మధ్యలో మానేస్తే ఆ ఇంటికి మీవల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. అప్పటికే చాలామంది ‘చూద్దాం’ అని వెళ్ళిపోయి ఉంటారు.

డాక్టరు దగ్గరకు ముందు, డాక్టర్ల చుట్టూ వద్దు

ఇలాంటి ఇంట్లో మీరు కూర్చోగానే వచ్చే ప్రశ్న చదువు గురించి కాదు. “ఆపరేషన్ జేస్తే కండ్లొస్తయా సారూ?” అని అడుగుతారు. ఆ ఇంటిని నడిపించేది ఆ ఒక్క ప్రశ్నే. దానికోసం అప్పు చేస్తారు, దర్గాకు పోతారు, గుడికి మొక్కుకుంటారు, ఎవరో చెప్పారని చెట్టుమందు పోస్తారు. కండ్లు రానీ, అప్పుడు బడికి పంపుతామంటారు. ఇలా నాలుగేళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళది అవుతుంది. చూపు లేకపోవడం వల్ల ఆ పిల్ల పోగొట్టుకున్నది కొంత. చూపు కోసం ఎదురుచూడటంలో పోగొట్టుకున్నది అంతకంటే చాలా ఎక్కువ.

కాబట్టి మీ మొదటి పని ఆ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికేలా చూడటం. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థలో, కట్టుకోలేనివాళ్ళకు మొదటినుంచీ ఉచితంగానే వైద్యం చేస్తున్నారు. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడికి తీసుకెళ్ళండి. మీరు వెంట వెళ్ళండి, అదే ముఖ్యం. కౌంటర్ దగ్గర ఏం చెప్పాలో, డాక్టరు చెప్పింది ఏమిటో ఆ తల్లికి ఒక్కతికీ అర్థం కాకపోవచ్చు. పోయిన రోజుకు నాలుగిళ్ళ పని మానాలి కూడా. ఆ ఇళ్ళవాళ్ళతో ముందే మాట్లాడిపెట్టగలిగితే అది మందుల ఖర్చు కన్నా పెద్ద సాయం.

డాక్టరును మూడు విషయాలు అడగండి. ఈ చూపు బాగుపడుతుందా? ఇప్పుడున్న చూపు తగ్గకుండా ఏం చేయాలి? ఉన్న చూపుతో ఏమేం చేయగలదు? కావాలంటే మరో డాక్టరు మాట కూడా ఒకసారి తీసుకోండి. ‘ఇంతకు మించి రాదు’ అని ఇద్దరూ చెప్పారా, ఇక ఆ వెతుకులాట అక్కడితో ముగించమని ఇంట్లోవాళ్ళకు నచ్చచెప్పాలి. ‘బాగుపడొచ్చు, కానీ సమయం పడుతుంది’ అన్నా సరే, బడి మాత్రం ఆగకూడదు. వైద్యమూ చదువూ ఒకేసారి నడుస్తాయి.

మూడో ప్రశ్నను చాలామంది అడగరు. మన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగ్గా ఉన్న కంటితో, అద్దాలు పెట్టుకున్నా 3/60 కన్నా తక్కువ కనిపిస్తే అంధత్వం కిందే లెక్క. అంటే మామూలు మనిషి అరవై మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టేదాన్ని మూడు మీటర్ల దగ్గరికి వచ్చినా గుర్తుపట్టలేకపోవడం. సర్టిఫికెట్‌లో అంధత్వం అని ఉన్నా ఆ పిల్లకు వెలుతురు తెలుస్తుండొచ్చు, మనిషి ఆకారం తెలుస్తుండొచ్చు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దక్షరం కనిపిస్తుండొచ్చు. “జరంత కనబడ్తది సార్” అని తల్లి అంటుంది చూడండి, ఆ జరంతతోనే ఎంతో చదువు సాగుతుంది. భూతద్దం, పుస్తకాన్ని వాలుగా నిలబెట్టే స్టాండు, తెల్ల కాగితం మీద నల్ల మార్కర్‌తో రాసిన అక్షరాలు, కిటికీ వెలుతురు వీపు వైపునుంచి పడేలా ముందు బెంచీలో చోటు చాలు. ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రిలోనే చూపు తక్కువున్నవారి కోసం పునరావాస విభాగం ఉంది. ఆపరేషన్ లేదని చెప్పగానే ఇంటికొచ్చేయకుండా అక్కడ కూడా చూపించుకుని రావాలి.

ఇంకో మాట, ఇంట్లో చంటిబిడ్డ ఉంటే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, అంటే 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోలలోపు బరువున్నా, పుట్టిన ముప్ఫై రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి. ఆలస్యమైతే మళ్ళీ రాని చూపు అది. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ వారమే చూపించాలి. అది శుక్లం కావచ్చు, ప్రాణం తీసే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. బిడ్డ కళ్ళు మరీ పెద్దవిగా ఉండి, నీళ్ళు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే, చారడేసి కళ్ళని మురిసిపోకండి. అది పుట్టుకతో వచ్చిన నీటికాసుల జబ్బు కావచ్చు. మేనరికం చేసుకున్న ఇంట్లో మొదటి బిడ్డకు చూపు లేకపోతే, రెండో బిడ్డ గురించి డాక్టరుతో ముందే మాట్లాడించాలి. ఇది చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు చాలామంది. నా మటుకు నేను చెప్పేస్తాను.

చాప మీంచి లేపడం

చూపున్న పిల్ల ఎవరూ నేర్పకుండానే రోజుకు వంద సంగతులు నేర్చుకుంటుంది. అమ్మ ఉల్లిపాయ తరిగితే చూస్తుంది, నాన్న సైకిల్ తుడిస్తే చూస్తుంది. చూపులేని పిల్లకు ఇవేవీ చేతికి ఇస్తే తప్ప తెలియవు. ఎవరూ ఇవ్వరు. అన్నం కలిపి నోట్లో పెడతారు, చెప్పులు తొడుగుతారు, జడ వేస్తారు. అదంతా ప్రేమే. కానీ ఏడేళ్ళ పిల్లకు వంకాయ అంటే కూరలో మెత్తగా తగిలేది మాత్రమే, మార్కెట్‌లో ముచ్చికతో నున్నగా ఉండే కాయ అని తెలియదు. ఏనుగు, మబ్బు, విమానం అన్న మాటలు నోటికి వస్తాయి, వాటి వెనక ఏమీ ఉండదు. బడిలో టీచరు అడిగితే టకటకా చెప్పేస్తుంది కాబట్టి ఈ ఖాళీ ఎవరికీ కనిపించదు కూడా.

అందుకని అక్షరాల కన్నా ముందు చేతులు. తల్లి బియ్యం ఏరుతుంటే పిల్లను పక్కన కూర్చోబెట్టి చేటలో చెయ్యి పెట్టనివ్వమనండి. కందిపప్పు, పెసలు, శనగలు కలిపి ఇచ్చి వేరు చేయమనండి. ఇది ఆటలా ఉంటుంది కానీ, రేపు బ్రెయిలీ చుక్కను గుర్తుపట్టే వేలు ఇక్కడే తయారవుతుంది. గ్లాసులో నీళ్ళు పోసుకునేటప్పుడు చూపుడువేలు అంచు లోపలికి పెట్టుకుంటే ఎక్కడిదాకా వచ్చాయో తెలుస్తుంది. కంచంలో గడియారం లెక్క చెప్పండి: పన్నెండు దగ్గర అన్నం, మూడు దగ్గర పప్పు, తొమ్మిది దగ్గర కూర. టీవీ రిమోట్‌లో కావలసిన బటన్ మీద ఒక బొట్టుబిళ్ళ అతికిస్తే చాలు, ఇక ఆ రిమోట్ ఆ పిల్లదే. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. పిల్ల నీళ్ళు ఒలకబోస్తే ‘ఊకో, నేను పోస్త’ అని గ్లాసు లాక్కోకుండా ఉండటం మాత్రం తల్లికి కష్టం. ఆమెకు టైం లేదు, పనికి పోవాలి. వారానికి ఆ రెండు గంటలు మీరు ఇస్తామన్నది ఇందుకే.

ఏదైనా చూపించేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని దాని మీదికి తోయొద్దు. మీ చెయ్యి వస్తువు మీద పెట్టి, పిల్ల చెయ్యి మీ చేతి మీద ఉండనివ్వండి. తనంతట తానే కిందికి జారి తాకుతుంది. భయపడితే వెనక్కి తీసుకోగలదు. నడిచేటప్పుడు కూడా అంతే, మీరు పిల్లను పట్టుకోకూడదు, పిల్ల మిమ్మల్ని పట్టుకోవాలి. చిన్నపిల్లయితే మీ మణికట్టు, పెద్దదయితే మోచేతి పైభాగం పట్టుకుని, మీకన్నా అర అడుగు వెనకగా నడుస్తుంది. మీ ఒంటి కదలికను బట్టే మెట్టు వచ్చిందో మలుపు వచ్చిందో తనకు తెలిసిపోతుంది.

కొందరు పిల్లలు కూర్చున్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు, పిడికిలితో కళ్ళు గట్టిగా నొక్కుకుంటుంటారు. దయ్యం పట్టిందనేవాళ్ళున్నారు, బుద్ధిమాంద్యం అనేవాళ్ళున్నారు. చాలాసార్లు అది చేయడానికి పనేమీ లేని ఒంటి అలవాటు. కొట్టడం, తిట్టడం వల్ల పోదు. చేతికి పని, కాలికి నడక, పక్కన మాట్లాడే మనిషి దొరికితే తగ్గుతుంది. కళ్ళు నొక్కుకోవడం మాత్రం డాక్టరుకు చెప్పండి, కొన్ని రెటీనా జబ్బుల్లో అదొక లక్షణం.

చేతికి పని ఇచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే, చూపులేనివారి లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ ఇల్లు చూడాలి. ఆయన గురించి అందరికీ తెలిసింది ఆరు చుక్కలే. ఆయన ఇంటి గురించి ఎక్కువమందికి తెలియదు. 1809లో ఫ్రాన్స్‌లో కుప్‌వ్రే అనే పల్లెలో, గుర్రపు జీనులు కుట్టే పనివాడి ఇంట్లో పుట్టాడు. మూడేళ్ళప్పుడు తండ్రి దుకాణంలో ఆరె గుచ్చుకుని కన్ను పోయింది, పుండు రెండో కంటికీ పాకింది. అంత జరిగాక కూడా ఆ తండ్రి కొడుకును మూలన కూర్చోబెట్టలేదు. చేతికర్ర చేసిచ్చాడు, తోలుపనిలో సాయం పెట్టుకున్నాడు, ఊరి బడికి మామూలు పిల్లలతో పాటే పంపాడు. పదేళ్ళకు స్కాలర్‌షిప్ మీద పారిస్ బడికి వెళ్ళిన ఆ కుర్రాడు, 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, తన లిపికి రూపం ఇచ్చాడు. ఆ లిపి వెనక, కొడుక్కి పనిముట్లు మళ్ళీ చేతికివ్వడానికి వెనకాడని చేతిపనివాడొకడు ఉన్నాడని నేను నమ్ముతాను.

కాగితాలు

విసుగు పుట్టించే భాగం, కానీ చదువుకున్న మీరు బాగా పనికొచ్చేది ఇక్కడే. పిల్లకు వైకల్యం ఉందని ధ్రువీకరించే కాగితాన్ని జనం ఇప్పటికీ ‘సదరం సర్టిఫికెట్’ అంటారు. ఇప్పుడు దేశమంతా యూడీఐడీ కార్డు నడుస్తోంది. మీసేవలో స్లాటు బుక్ చేసుకుని, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్ళాలి. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే దాదాపు అన్ని హక్కులకూ అదే తాళం. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. రేషన్ కార్డు, ఆధార్ సొంతూరి అడ్రసులో ఉంటే పింఛను అర్జీ కూడా అక్కడే పెట్టాల్సి వస్తుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఈ పని పెట్టుకోమని ముందే చెప్పండి. ఆ డబ్బు పిల్ల మీదే ఖర్చు పెట్టాలని ఉపన్యాసం ఇవ్వకండి. కిరాయి కట్టే ఇంట్లో ఆ నాలుగు వేలు ఎటు పోతాయో మీకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

రైలు ప్రయాణంలో పిల్లకే కాదు, వెంట వచ్చే మనిషికీ రాయితీ ఉంటుంది. సర్కారు బడిలో చదివే ప్రత్యేక అవసరాల ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉంది. చిన్నమొత్తమే, కానీ పేరు నమోదై ఉందనడానికి అదొక రుజువు. మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థలో చేతికర్ర, ఫోను, లాప్‌టాప్ లాంటివాటికి ఎప్పుడెప్పుడు దరఖాస్తులు తీసుకుంటారో కనుక్కుంటూ ఉండండి.

ఏ బడి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఈ పిల్లలకు చదువు ఉచితం. అది దగ్గర్లోని మామూలు బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు. హెడ్మాస్టరు ‘మా దగ్గర ఇలాంటివాళ్ళను చేర్చుకోము’ అంటే, గొడవ పడకుండా ఈ సెక్షన్ పేరు ఒక తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి, ‘చేర్చుకోలేమన్న మాట రాసివ్వండి సార్’ అని అడగండి. సాధారణంగా రాసివ్వరు, చేర్చుకుంటారు.

చేర్చుకోవడం వేరు, చదువు చెప్పడం వేరు. మామూలు బడిలో బ్రెయిలీ తెలిసిన టీచరు ఉండరు. మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్లుంటారు. మన ప్రాంతానికైతే శేరిలింగంపల్లి మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. అక్కడ ఉన్నవాళ్ళలో చూపులేని పిల్లలకు నేర్పగలిగినవారు ఉన్నారా, వారానికి ఎన్నిసార్లు వస్తారు, ఈ రెండే అడగండి. సమాధానం సంతృప్తిగా ఉంటే మామూలు బడి మంచిదే, ఇంటి దగ్గరే ఉంటుంది. లేకపోతే మొదటి అయిదేళ్ళు ప్రత్యేక బడికే నా ఓటు. ఈ విషయంలో నాతో విభేదించే నిపుణులున్నారు. చూపున్న పిల్లలతో కలిసి పెరగాలన్న వాళ్ళ వాదన నాకూ ఇష్టమే. కానీ చివరి బెంచీలో కూర్చుని, విన్నది విన్నట్టు వదిలేస్తూ, అక్షరం రాకుండానే అయిదో తరగతి దాటడం కలిసి పెరగడం కాదు. బ్రెయిలీ, లెక్కలు, ఒంటరిగా నడవడం వచ్చాక ఆరో తరగతిలోనో ఎనిమిదిలోనో మామూలు బడికి మారితే బాగుంటుంది.

సైట్ పని చేసే కుటుంబాలకు ఇంకో చిక్కుంది. ఈ బిల్డింగు అయిపోతే నార్సింగి, అదయ్యాక కొల్లూరు. ఇంటితో పాటు బడి మారుతుంది, చివరికి మానేస్తారు. వీళ్ళకు హాస్టల్ ఉన్న బడే మేలు. “ఆడపిల్ల సారూ, ఎట్ల ఇడిచిపెట్టాలె?” అని తల్లి అంటే ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. ఒకరోజు ఆమెను తీసుకెళ్ళి వార్డెన్‌తో మాట్లాడించండి, పడుకునే గదులు, బాత్రూములు చూపించండి, పెద్ద తరగతి ఆడపిల్లలతో మాట్లాడనివ్వండి. అక్కడి పిల్లలు తమ బట్టలు తామే మడత పెట్టుకోవడం చూస్తే తల్లి మనసు మారడానికి అవకాశముంది.

హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్ దాటి బేగంపేట వస్తుంది. ఆ బేగంపేటలోనే దేవనార్ అంధుల బడి ఉంది. కంటి డాక్టరైన సాయిబాబా గౌడ్ 1990ల మొదట్లో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టారు. ఇంగ్లీషు మీడియం. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతుల ఇంట పుట్టిన బొల్లా శ్రీకాంత్ ఎనిమిదేళ్ళ వయసులో హైదరాబాద్ వచ్చి చదువుకున్నది అక్కడే. పుట్టగానే వదిలించుకోమని చుట్టాలు చెప్పినా తల్లిదండ్రులు వినలేదు. ఊరి బడిలో మాత్రం అతన్ని వెనక బెంచీలోనే కూర్చోబెట్టేవారు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక సైన్స్ గ్రూపు ఇవ్వమన్నారు, బోర్డు నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకెళ్ళి గెలిచి ఆ గ్రూపులోనే చదివాడు. అమెరికాలో ఎం.ఐ.టి.కి వెళ్ళాడు, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు, 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే: ఆ కథలో మనకు పనికొచ్చే భాగం ఎం.ఐ.టి. కాదు. హైదరాబాద్‌లో ఇలాంటి బడి ఒకటుందని ఆ పల్లెలోని తండ్రికి తెలియడం, ఎనిమిదేళ్ళకే తెలియడం. మీ సెల్లార్‌లోని తండ్రి బేగంపేటకు అరగంట రైలు దూరంలో ఉండి కూడా ఆ మాట విని ఉండకపోవచ్చు. ఇంకా మలక్‌పేటలో ప్రభుత్వ అంధుల బడి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో చూపులేనివారి కోసం డెహ్రాడూన్‌లో ఉన్న జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ బడి సరిపోతుందో తేల్చుకోలేకపోతే వాళ్ళ సలహా అడగొచ్చు.

ఆరు చుక్కలు

ఫోనే చదివి వినిపిస్తున్నప్పుడు ఇంకా బ్రెయిలీ ఎందుకని ఐటీ ఉద్యోగులు అడుగుతారు. వినడం వేరు, చదవడం వేరు. వినే పిల్లకు కథ తెలుస్తుంది, ఒత్తు ఎక్కడుందో తెలియదు, దీర్ఘం ఎక్కడుందో తెలియదు, పేరా ఎక్కడ మొదలైందో తెలియదు. పదో తరగతికి వచ్చేసరికి తన పేరు తప్పుల్లేకుండా రాయలేని తెలివైన పిల్లలు ఇలాగే తయారవుతారు.

పైగా తెలుగు బ్రెయిలీ మనం భయపడేంత కష్టం కాదు. 1951లో భారతీయ భాషలన్నిటికీ కలిపి ఒకే పద్ధతి కుదిర్చారు. రెండు నిలువు వరుసల్లో మూడేసి చుక్కలు. ఎడమవైపు పైనుంచి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ఒకటో చుక్క ఒక్కటే ఉంటే అ. 1, 3 ఉంటే క. 1, 3, 4 ఉంటే మ. 1, 2, 3 ఉంటే ల. మూడూ పక్కపక్కన పెడితే కమల. గుణింతాలకు కొత్త ఆకారాలు లేవు. క పక్కన ఆ రాస్తే కా, ఇ రాస్తే కి. ఒత్తులకూ వేరే రూపాలు లేవు, ఒక చుక్క గుర్తు సాయంతో అక్షరాలనే పక్కపక్కన పెడతారు. కంటితో తెలుగు నేర్చుకునే పిల్ల కన్నా వేలితో నేర్చుకునే పిల్ల గుర్తుపెట్టుకోవలసిన ఆకారాలు తక్కువే. కంటితో చదివే మీకు ఒక నెల సాయంత్రాలు చాలు.

కోడిగుడ్ల అట్ట ట్రేలో ఆరు గుంటలు కత్తిరించుకుని, నిమ్మకాయలు పెట్టి మొదలుపెట్టండి. అక్షరం ఆకారం చేతికి పట్టుబడ్డాక పలక, గంటం ఇవ్వండి. బ్రెయిలీ పలక మీద కాగితం వెనకనుంచి గుచ్చుతారు కాబట్టి కుడినుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమనుంచి కుడికి చదవాలి. పెద్దవాళ్ళు తికమకపడతారు, పిల్లలు పడరు. లెక్కలకు టేలర్ ఫ్రేము, పూసల అబాకస్ ఉన్నాయి. చూపులేదు కదా లెక్కలు వద్దు, సంగీతం నేర్పిద్దాం అనే సలహా మీకు తరచుగా వినిపిస్తుంది. పిల్లకు సంగీతం ఇష్టమైతే నేర్పించండి. లెక్కలకు బదులుగా మాత్రం వద్దు. లెక్కలు వదిలిన రోజే సగం ఉద్యోగాలు తలుపు వేసుకుంటాయి.

ఇక ఫోను. మీ ఇంట్లో సొరుగులో మూలుగుతున్న పాత ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగుల్లోకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి, తెలుగు గొంతు దించండి, పిల్లకు ఇవ్వండి. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే నొక్కడం అంతా రెండుసార్ల వ్యవహారం. ఇంట్లోవాళ్ళు ఫోను పాడైపోయిందనుకుంటారు కాబట్టి ఆపడం కూడా నేర్పి రండి. కంప్యూటర్ దొరికితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో చూపులేనివారికోసం పుస్తకాలున్నాయి. ఏదైనా పాఠ్యపుస్తకం తెలుగులో దొరకకపోతే మీరే టైపు చేసి ఇవ్వొచ్చు. చూపులేనివారు చదువుకోవడానికి అనువైన రూపంలోకి మార్చడాన్ని మన కాపీరైట్ చట్టం 2012 నుంచి అనుమతిస్తోంది. స్కాన్ చేసి వదిలేస్తే చాలదు, స్కానర్ తెలుగు ఒత్తులను చిందరవందర చేస్తుంది. మొత్తం ఒకసారి చదివి దిద్దాలి. మీ స్నేహితుల్లో పదిమంది తలా ఒక పాఠం పంచుకుంటే ఒక్క వారాంతంలో సాంఘికశాస్త్రం పుస్తకం అయిపోతుంది.

పరీక్షకు రాసిపెట్టే స్క్రైబ్‌గా నేనొస్తానని చాలామంది ఇంజనీర్లు ముందుకొస్తారు. పదో తరగతికి మీరు పనికిరారు. కింది తరగతి విద్యార్థి, సాధారణంగా తొమ్మిదో తరగతి పిల్లలే రాయాలి. మీరు చేయాల్సింది అలాంటి పిల్లను ముందే వెతికి, వాళ్ళ ఇంట్లో ఒప్పించి, అర్ధ సంవత్సరం పరీక్షలకే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం. చెప్పేవాళ్ళకు చెప్పడం, రాసేవాళ్ళకు వినడం అలవాటు కావాలి. చూపులేని విద్యార్థికి గంటకు ఇరవై నిమిషాలు అదనపు సమయం ఉండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. పరీక్షకు వారం ముందు సెంటర్‌కు వెళ్ళి గది, మెట్లు, బాత్రూము ఎక్కడున్నాయో పిల్లను నడిపించి చూపించండి. స్క్రైబ్ అనుమతి కాగితం ఒక కాపీ మీ దగ్గర, ఒకటి పిల్ల దగ్గర ఉంచండి.

ఇంత చేసినా పిల్ల చదువులో గొప్పగా రాణించకపోవచ్చు. మామూలు పిల్లలందరూ రాణిస్తున్నారా? డిగ్రీ చదివి, ప్రభుత్వ ఉద్యోగాల్లో చూపులేనివారికి, తక్కువ చూపున్నవారికి కేటాయించిన ఒక శాతంలో ఒక గుమాస్తా ఉద్యోగం తెచ్చుకుని, ఒంటరిగా రైలెక్కి ఆఫీసుకు పోయి రాగలిగితే అది పూర్తి విజయమే. ప్రతి చూపులేని పిల్లా ఒక శ్రీకాంత్ కావాలని అడగడం మన దురాశ.

తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు. ప్రత్యేక బడుల్లో సీట్లు తక్కువ, ఫారాలు ముందే ఇస్తారు. సర్టిఫికెట్ స్లాటు దొరకడానికే వారాలు పట్టొచ్చు. కాబట్టి ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, ఫోటోలు, డాక్టరు రాసిచ్చిన కాగితం సంక్రాంతి సెలవులు కాగానే ఒక కవర్‌లో వేసి పెట్టండి, మార్చిలో బడికి తీసుకెళ్ళి చూపించండి. ఈ పుస్తకం మీ చేతికొచ్చేసరికి ఆ నెలలు దాటిపోయి ఉంటే, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలో వచ్చిన పిల్లనైనా సర్కారు బడి చేర్చుకోవాలి. ఈ రోజే కిందికి దిగి వాచ్‌మన్‌ను అడగండి.